రెండు రింగులు

ఫోను మోగితే సత్యకుమారికి ఒక భయం, మోగకపోతే ఇంకో భయం. మోగి ఆగిపోతేనే ఆవిడకి ప్రశాంతం.

ఈ మాట కొంచెం విప్పి చెప్పాలి. ఆవిడ భర్త పల్లంరాజు నరసాపురం రేవు నుంచి కొవ్వూరుకి చేపలు తెచ్చే వ్యాను తోలేవాడు. మనిషికి ఫోనులో మాట్లాడటం చేతకాదు. అందుకని రేవుకి చేరగానే రెండు రింగులిచ్చి పెట్టేసేవాడు. ఒక్క రింగుకే ఆగితే జేబులో పొరపాటున నొక్కుకున్నట్టు. మూడోది మోగిందంటే ఏదో మాట ఉన్నట్టు, ఎత్తాలి. సరిగ్గా రెండు మోగి ఆగితే మాత్రం, చేరాను, ఇక నీ పని నువ్వు చూసుకో అని. అవి విన్నాకే ఆవిడ పొయ్యి మీద కాఫీగిన్నె పెట్టేది.

ఆయన పోయిన రోజు కూడా రెండు రింగులొచ్చాయి. వ్యాను దిగి, రింగులిచ్చి, ఐసుపెట్టె ఎత్తబోతూ గుండె పట్టుకుని కూలబడిపోయాడట. ఆ సమయానికి ఇక్కడ ఈవిడ నిశ్చింతగా కాఫీ తాగుతోంది. ఆ కాఫీ తాగినందుకు ఈ నాలుగేళ్ళలో తనని తాను క్షమించుకోలేదు.

తండ్రి పోయాక ఆ రెండు రింగులూ కూతురు అందుకుంది. ఎవరూ చెప్పలేదు. హేమశ్రీ కాలేజీకి చేరితే రెండు రింగులు, హాస్టలుకి చేరితే రెండు రింగులు. చదువయ్యి, రాజమండ్రిలోనే ఉద్యోగమొచ్చి, దానవాయిపేటలో ఆడపిల్లల హాస్టల్లో చేరాక కూడా అంతే. మధ్యలో ఉన్నది గోదావరి ఒక్కటే. మేడ మీద బట్టలారేస్తే అవతలి గట్టు కనిపిస్తూనే ఉంటుంది. అయినా ఆదివారానికి గాని అమ్మాయి రాదు, ఆ ఆదివారమూ ఒక్కోసారి ఎగిరిపోతుంది. మిగతా రోజుల్లో సత్యకుమారికి ఉన్న తోడల్లా ఆ రింగులే.

అమ్మాయిది ఏం ఉద్యోగమని ఎవరైనా అడిగితే “కరెంటు బళ్ళండి” అని ఊరుకునేది. నిజానికి హేమశ్రీ బళ్ళు అమ్మదు. పెట్రోలు బళ్ళ మీద తిరిగే జనాన్ని కరెంటు బళ్ళలోకి మార్చే యాప్ ఒకటి తయారుచేస్తోంది. పేరు ‘పచ్చదారి’. నువ్వు రోజూ ఎటు నుంచి ఎటు తిరుగుతావో చెబితే, ఒక్క ఛార్జింగుతో ఎన్నాళ్ళు వస్తుందో, దార్లో ఎక్కడ ఛార్జింగు పెట్టుకోవచ్చో, నువ్వు ఎంత పొగ తగ్గించావో లెక్కగట్టి చూపిస్తుంది. ఆ పనిమీద హేమశ్రీ ఆఫీసువాళ్ళ కరెంటు స్కూటరు వేసుకుని కడియం, మండపేట, రావులపాలెం తిరుగుతుంది.

ఆ స్కూటరు మాట విన్ననాడు సత్యకుమారి అన్నం తినలేదు.

“బ్యాటరీ పేలిందని టీవీలో చూపించారే!”

“అది వేరే బండమ్మా.”

“వానొస్తే షాకు కొట్టదూ? బ్రిడ్జి మధ్యలో ఆగిపోతే? వెనకాల లారీ ఉంటే? సౌండు రాదటగా, గేదెలకి ఎలా తెలుస్తుందే నువ్వొస్తున్నట్టు?”

అవతల నుంచి నవ్వు వినిపించింది. తర్వాత హేమశ్రీ అంది, “అమ్మా, ఉండు ఉండు. గేదెల మాట ఇంకోసారి చెప్పు. రాసుకుంటున్నా.”

తన మాట ఒకరు రాసుకోవడం సత్యకుమారి జీవితంలో అదే మొదలు. ఆ తర్వాత ఏ భయం పుట్టినా దాచుకోకుండా ఫోన్ చేసి చెప్పేది. ఛార్జింగు పెట్టి నిద్రపోతే ఇల్లంటుకోదా, ఇంకొకరి ఇంట్లో ప్లగ్గు అడిగితే ఏమనుకుంటారు, గోదారొచ్చి రోడ్డు మునిగితే ఏంటి గతి... అమ్మాయి ఓపిగ్గా వింటుంటే, తన భయాలకి కూడా ఒక విలువుందనుకుని మురిసిపోయింది.

నెల క్రితం ఒక ఆదివారం హేమశ్రీ వచ్చి తల్లి ఫోనులో ఏదో నొక్కింది. “ఇదిగోనమ్మా, దీన్ని ‘ఇంటికి కబురు’ అంటారు. నేను ఎక్కడికి చేరినా నీకు మెసేజ్ వచ్చేస్తుంది. బండిలోనే సిమ్ము ఉంది. నా ఫోను పనిచేయకపోయినా బండే పంపేస్తుంది. ఇక నువ్వు కంగారుపడక్కర్లేదు.”

“మరి రింగులో?”

“ఇంకెందుకూ?”

నిజమే, ఇంకెందుకు? మర్నాటి నుంచి రింగులు రాలేదు. ఆకుపచ్చ ఆకు బొమ్మా, పక్కన నాలుగు ఇంగ్లీషు ముక్కలూ వచ్చేవి. ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో అందులో కూతురి పేరొక్కటే ఆవిడకి అందేది. కూతురి పేరుంది, ఆకు పచ్చగా ఉంది, చాలనుకునేది. అయినా ఆకు రాగానే ఫోన్ చేసేది. “చేరావా?” అంటే “వచ్చింది కదమ్మా మెసేజ్!” అని విసుగు.

ఆ గురువారం పొద్దున్న పదీ యాభైరెండుకి ఫోను టింగుమంది. సత్యకుమారి గోంగూర ఒలుస్తోంది. చేతులు చీరకి తుడుచుకుని చూసింది. ఈసారి ఇంగ్లీషు కాదు. శుభ్రమైన తెలుగు.

‘హేమశ్రీ చివరి ప్రయాణం ముగిసింది. కడియం, 10.52. మిగిలిన జీవితం 4 శాతం.’

ఆవిడ ఒకసారి చదివింది. అక్షరాలు సరిగ్గా కూడబలుక్కోలేదేమో అని వేలు పెట్టి ఇంకోసారి చదివింది.

హేమశ్రీకి ఫోన్ చేసింది. స్విచ్చాఫ్. మళ్ళీ చేసింది. స్విచ్చాఫ్.

కింద వాటాలో ఇల్లుగలావిడ రత్నమాణిక్యం గారున్నారు. సత్యకుమారి మెట్లు ఎలా దిగిందో ఆవిడకే తెలీదు.

“పిన్నిగారూ, కొంచెం ఇది చదివిపెట్టండి. నా కళ్ళు సరిగ్గా లేవు.”

రత్నమాణిక్యం గారు కళ్ళజోడు సర్దుకుని మొదలుపెట్టారు. “హేమశ్రీ చివరి...” అని ఆగిపోయారు. మిగతాది పైకి చదవలేదు. కళ్ళజోడు తీసి, “ఎవరు పంపారమ్మా ఇది?” అన్నారు మెల్లగా.

“బండి.”

“బండేంటి?”

“బండికి తెలుస్తుందటండి. అమ్మాయి ఫోను పనిచేయకపోయినా బండే పంపుతుందట.”

రత్నమాణిక్యం గారు ఫోను తిరిగి ఆవిడ చేతిలో పెట్టారు. “నాలుగు శాతం ఉందంటోందిగా... నువ్వు ముందు బయల్దేరు. తాళం నేనేస్తాను,” అన్నారు.

కడియంలో ఎక్కడని వెతకడం? ఆసుపత్రిలోనా, రోడ్డు మీదా? ఆఫీసువాళ్ళకి తెలుస్తుంది. ఆఫీసు ఎక్కడో ఆవిడ ఒకసారి చూసింది. దానవాయిపేటలో మిఠాయికొట్టు మీద, రెండో అంతస్తు. షేరాటో ఎక్కింది. తోలేవాడు విజయ్ పాల్, పల్లంరాజుకి తెలిసినవాడే.

“ఏంటక్కా, చెప్పుల్లేకుండా వచ్చేశావు?”

సత్యకుమారి కాళ్ళు చూసుకుంది. “తొందరగా పోనీ తమ్ముడూ.”

“ఆయ్, పోనిస్తున్నాను. బ్రిడ్జి మీద ఇంతకంటే స్పీడు రాదక్కా. మీ అమ్మాయేగా కరెంటు బళ్ళు కొనమని తిరిగేది? మొన్న నన్నూ పట్టుకుంది. ఆటో మార్చెయ్ బాబాయ్ అంటుంది! నేనన్నాను, అమ్మా, ఈ ముసలాటో చప్పుడు లేకపోతే నాకు నిద్రొచ్చేస్తుంది, తోలేది నేనే కదా అని.” వెనక కూర్చున్న ఇద్దరూ నవ్వారు. “మంచి పిల్లక్కా. ఆ ముక్క కూడా రాసుకుంది పుస్తకంలో. ఏదన్నా రాసుకుంటుంది.”

రాసుకుంటుంది అన్న మాటకి సత్యకుమారి మొహం బయటికి తిప్పుకుంది. చీర చెంగు నోట్లో కుక్కుకుంది. బ్రిడ్జి కింద గోదావరి వెడల్పుగా, ఎవరి గొడవా పట్టనట్టు పోతోంది. ఈ బ్రిడ్జి మీద కూతురి గురించి ఎన్ని భయపడలేదు తను! పేలుతుందని, ఆగుతుందని, లారీ గుద్దుతుందని. అన్నీ ముందే భయపడేస్తే ఏదీ జరగదని ఆవిడకో నమ్మకం. ఏ ఒక్కటి మర్చిపోయిందో, అదే జరిగుంటుంది. ఆ ఒక్కటీ ఏంటా అని బ్రిడ్జి పొడుగునా వెతుక్కుంది.

ఆఫీసు మెట్లెక్కేసరికి ఆయాసంతో మాట రాలేదు. లోపల ముగ్గురు నలుగురు పిల్లలు కంప్యూటర్ల ముందున్నారు. గడ్డం కుర్రాడొకడు లేచొచ్చాడు.

“ఎవరు కావాలండీ?”

“హేమశ్రీ వాళ్ళమ్మని.”

“ఓ, ఆంటీ! నా పేరు ఫిన్నీ అండీ. హేమ చెబుతూనే ఉంటుంది. కూర్చోండి, ఫీల్డుకి వెళ్ళింది. కడియం.”

వాడి మొహంలో ఏ కలవరమూ లేదు. వీడికింకా కబురు తెలీదు, అనుకుంది సత్యకుమారి. తనే చెప్పాల్సొస్తుందా? “బాబూ, అమ్మాయి ఎలా ఉందో చూసి చెప్పు,” అంది.

ఫిన్నీ కంప్యూటర్లో చూశాడు. “కడియంలోనే ఉందండీ. బండి పదీ యాభైరెండుకి ఆగింది.”

“బండి సరే. అమ్మాయి?”

ఫిన్నీ తెల్లబోయాడు. ఆ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడిగినట్టు లేదు. ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. ఆవిడ మొహం చూసి వాడికీ చెమట పట్టింది. “ఉండండి ఆంటీ, అక్కడ అప్పాజీ గారి నర్సరీలోనే మన ఛార్జింగు పాయింటు. ఆయన నంబరు వెతుకుతాను,” అని లోపలి గదిలోకి పరిగెత్తాడు.

కుర్చీలో కూర్చుంటే కాళ్ళు ఆగట్లేదని సత్యకుమారి లేచి నిలబడింది. ఎదురుగా గోడకి పెద్ద అట్ట అంటించి ఉంది. ఊళ్ళల్లో తిరిగే కుర్రాళ్ళకి అర్థం కావాలనేమో, తెలుగులో రాశారు. ఆ చేతిరాత ఆవిడ ఎక్కడైనా గుర్తుపడుతుంది. ‘ళ’ తోక చివర చిన్న సున్నా చుట్టడం హేమశ్రీకి రెండో తరగతి నుంచీ అలవాటు.

అట్ట మీద మూడు బొమ్మలు. పాలక్యాన్ల రైతు, పుస్తకాల సంచీతో కాలేజీ పిల్ల, మూడోది చెవి దగ్గర ఫోనుతో ఒక చీరకట్టు ఆవిడ. ఆ బొమ్మ కింద ఇలా ఉంది.

‘కుమారి గారు. వయసు 49. చదువు ఎనిమిది. ఒక్కరే ఉంటారు. బండి నడపరు. కానీ ఇంట్లో కరెంటు బండి కొనాలో వద్దో తేల్చేది ఈవిడ భయమే. ఈవిడ మారితే ఇల్లు మారుతుంది.’

దాని కింద వరసగా భయాలు. పేలడం. షాకు. బ్రిడ్జి. లారీ. గేదెలు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ వదల్లేదు.

అన్నిటికంటే కింద, ఎర్ర సిరాతో, ‘రోజుకి చేసే ఫోన్లు: 11. మనం తేవలసిన లెక్క: 0.’

సత్యకుమారి అక్కడే నిలబడిపోయింది. పదకొండా? అన్ని చేస్తుందా తను? తనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. అమ్మాయి లెక్కపెట్టింది.

“ఆంటీ! ఉంది, ఉంది! అప్పాజీ గారు లైన్లో ఉన్నారు!” ఫిన్నీ ఫోను స్పీకర్లో పెట్టి పరిగెత్తుకొచ్చాడు.

“ఆయ్, ఇక్కడే ఉందండీ,” అంటోంది అవతలి గొంతు. “మా ఆవిడిచ్చిన మజ్జిగ తాగుతోందండి. తన ఫోనులో ఛార్జింగు లేదటండి. ఊరందరికీ ఛార్జింగు చెప్పే పిల్ల, చూశారా ఎటకారం! ఇదిగో ఇస్తున్నాను.”

“ఫిన్నీ, ఏంట్రా?” అంది హేమశ్రీ గొంతు.

సత్యకుమారి నోరు తెరిచింది. ఇందాకట్నుంచీ గుండెల్లో పేర్చుకున్నదంతా ఒక్కసారి ఖాళీ అయిపోయింది. “నేనేనే,” అంది. “ఏం లేదు. మజ్జిగొక్కటే తాగుతున్నావా, ఏమైనా తిన్నావా?”

ఫోను పెట్టేశాక కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు కాదు, ఊపిరంతే. ఫిన్నీ మంచినీళ్ళు తెచ్చి, ఆవిడ చేతిలో ఫోను మీదకి వంగి చదివాడు. చదివి నెత్తి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు.

“అయ్యో ఆంటీ! లాస్ట్ ట్రిప్ అండీ. ఇప్పుడే చేసిన ట్రిప్ అని. బ్యాటరీ లైఫ్ నాలుగు శాతం అని. రాత్రి కంప్యూటరే తెలుగులోకి మార్చింది, నేను చూసుకోకుండా వదిలేశాను. ఇంకా నయం, మీ ఒక్కరికే వెళ్ళింది. సోమవారం ఐదొందల ఇళ్ళకి వెళ్ళాల్సింది.”

ఐదొందల ఇళ్ళలో ఐదొందల మంది, చెప్పుల్లేకుండా. సత్యకుమారి కొంగు దించి, “మిగతా మాటలేం రాశారో అవీ చూపించు బాబూ,” అంది.

ఫిన్నీ ఒక్కొక్కటీ చదివాడు, ఆవిడ ఒక్కొక్కటీ దిద్దింది. చివరి ప్రయాణం కాదు, ఇందాకటి ప్రయాణం. ముగిసింది అనకూడదు, క్షేమంగా చేరింది అనాలి. యాప్‌లోంచి బయటికొచ్చే చోట ‘నిష్క్రమించండి’ అని ఉంది. “ఇంటికొచ్చినవాళ్ళని అలా పొమ్మంటారా? వెళ్ళిరండి అను.”

“ఛార్జింగు పూర్తిగా అయిపోయింది అని ఉందండీ.”

“అయిపోయింది అనకు బాబూ. నిండుకుంది అను. మనం బియ్యం అయిపోతే అలాగే కదా అంటాం.”

ఫిన్నీ పెన్ను ఆపాడు. “ఆంటీ, నిండుకుంది అంటే ఫుల్లయిందనుకుని కుర్రాళ్ళు బండేసుకుని వెళ్ళిపోతారండీ!”

పక్క కంప్యూటరు పిల్ల కిసుక్కుమంది. సత్యకుమారికీ నవ్వొచ్చింది, ఆ రోజంతటికీ మొదటిసారి. చివరికి ఇద్దరూ కలిసి ‘ఛార్జింగు పెట్టాలి’ దగ్గర రాజీపడ్డారు.

“మా యాప్ అంతా మీలాంటివారి కోసమేనండీ,” అన్నాడు ఫిన్నీ, గోడ మీది అట్ట చూపించి, మనస్ఫూర్తిగా. ఆవిడ మళ్ళీ అటు చూడలేదు.

హేమశ్రీ గంటన్నరకి వచ్చింది. హెల్మెట్ తీస్తూనే, “ఏంటమ్మా నువ్వు, ఇంత దూరం...” అని మొదలుపెట్టింది. ఫిన్నీ మెసేజ్ చూపించగానే మధ్యలో ఆగిపోయింది. తల్లి కాళ్ళ వైపు చూసింది. దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఎండలో తిరిగొచ్చిన చెయ్యి, వెచ్చగా ఉంది.

“సారీ అమ్మా.”

“నీదేం తప్పులే. కంప్యూటరుకేం తెలుసు.” గోడకేసి గడ్డంతో చూపించింది. “అది నేనేనా?”

హేమశ్రీ మొహం ఎర్రబడింది. “నువ్వే అని కాదమ్మా. నీలాంటివాళ్ళు. యూజర్ అంటాం మేం. మనుషుల్ని బాగా తెలుసుకుంటే గాని డిజైన్ చెయ్యలేం కదా.”

“బాగానే తెలుసుకున్నావు. బొమ్మలో చీర మాత్రం నా దగ్గర లేదు.”

“అమ్మా...”

“పదకొండుసార్లు చేస్తానా నిజంగా?”

“వారం రోజుల సగటమ్మా. నిన్ను తప్పుపట్టడానికి కాదు. నీకు కంగారు లేకుండా చెయ్యాలనే. భయం పోతే ఫోన్లు వాటంతటవే తగ్గుతాయి కదా, అందుకని సున్నా అని.”

అమ్మాయి మాటలో ప్రేమే ఉంది. ఆ సంగతి సత్యకుమారికి తెలుస్తూనే ఉంది. భయం ఒక్కటే అయితే సున్నాయే మంచిది. కానీ ఆ పదకొండిట్లో భయం ఎంతో, నీ గొంతు వినాలన్నది ఎంతో విడదీసి రాసే గడి ఆ అట్ట మీద లేదు. అడుగుదామనుకుంది. ఆ రెండు రింగులూ ఉంచవే, నీ వేలితో నువ్వు నొక్కినవి అని. కుర్రాళ్ళంతా చూస్తున్నారు. ఫిన్నీ అప్పుడే కొత్త మాటలు కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, “హేమా, ఆంటీ వల్ల మొత్తం మారిపోయింది!” అంటున్నాడు. ఇప్పుడెందుకులే అనుకుంది.

హేమశ్రీ మిఠాయికొట్టు పక్కనే చెప్పులు కొనిచ్చి ఆటో ఎక్కించింది. “సాయంత్రం మండపేట వెళ్ళాలమ్మా. నువ్వు జాగ్రత్త. వస్తా మరి.” ఆటో కదలకముందే ఎవరిదో ఫోనొచ్చి అటు తిరిగింది.

కొవ్వూరులో దిగి, రత్నమాణిక్యం గారికి జరిగిందంతా చెప్పి, ఆవిడ ఒకసారి నవ్వి ఒకసారి తిట్టాక, తాళంచెవి తీసుకుని మేడెక్కింది. సగం ఒలిచిన గోంగూర వాడిపోయి ఉంది. మిగతాది ఒలవడానికి కూర్చుంది.

ఐదున్నరకి ఫోను టింగుమంది. ‘హేమశ్రీ క్షేమంగా చేరింది. మండపేట, 5.31.’ పక్కన ఆకుపచ్చ ఆకు.

ప్రతి అక్షరమూ తనదే. పొద్దున్న తను చెప్పిన మాటే ఏరు దాటి మళ్ళీ తన దగ్గరకే వచ్చింది. బాగుంది, ఎవరూ కంగారుపడరు. చేరింది బండి అని, మనిషి చేరిందో లేదో బండికి తెలీదని ఐదొందల ఇళ్ళలో ఎవరికీ తట్టదు. నరసాపురంలో వ్యాను కూడా క్షేమంగానే చేరింది.

వేలు అలవాటు ప్రకారం హేమశ్రీ పేరు మీదికి వెళ్ళింది. ఎర్ర సిరా సున్నా గుర్తొచ్చింది. వేలు వెనక్కి తీసుకుంది.

గోంగూర కడిగింది. పొయ్యి మీద పెట్టింది. అప్పుడు తట్టింది ఆవిడకి, ఈ రోజు ఊరు దాటి వెళ్ళొచ్చిన మనిషి తను కూడానని. బ్రిడ్జి దాటి వెళ్ళి, బ్రిడ్జి దాటి వచ్చింది. చేరావా అని ఎవరూ అడగలేదు.

పొయ్యి తగ్గించి ఫోను తీసింది. హేమశ్రీ పేరు నొక్కి చెవి దగ్గర పెట్టుకుంది. ఒక రింగు. రెండో రింగు. మూడోది మోగకముందే పెట్టేసింది. ఆవిడ జీవితంలో తను ఆ రింగులు ఇవ్వడం అదే మొదటిసారి. ఎప్పుడూ వినడమే.

ఫోను ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. కాసేపటికి తెర వెలిగింది. ‘ఏంటమ్మా? పనిలో ఉన్నా. మెసేజ్ వచ్చిందిగా?’

కూడబలుక్కుంటూ, ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాసింది. ‘వచ్చింది. ఏం లేదు. నేను ఇంటికి చేరాను.’

పంపించింది. మాట పక్కన రెండు బూడిదరంగు టిక్కు గీతలు పడ్డాయి. చూస్తుండగానే అవి నీలంగా మారాయి. అమ్మాయి చదివింది.

ఆవిడ ఇంకా చూస్తూనే ఉంది. ఆ గీతలు రెండే ఉన్నాయి, చప్పుడు లేకుండా. లోపల గోంగూర అడుగంటిన వాసనొచ్చేదాకా లేవలేదు.